ఇంటి వెనక తడిమూలలో తుమ్మెదల కోసం ఏ పువ్వు వెయ్యాలి? (వైజాగ్)

మధురవాడ_పెరడు, మే 28

అందరికీ నమస్కారమండి. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదలు. మాది మధురవాడలో కొండవాలు కాలనీ, గ్రౌండ్ ఫ్లోర్. ఇంటి వెనక ఆరడుగుల వెడల్పు పన్నెండడుగుల పొడవు జాగా ఉంది, అందులో కాంపౌండ్ గోడ మూల ఏడాదిలో ఎనిమిది నెలలు తడిగానే ఉంటుంది, పైన కొండలోంచి ఊట దిగుతుందనుకుంటా, వాన ఆగిపోయి నెల్లాళ్ళైనా అక్కడ కాలు పెడితే చెప్పు దిగబడుతుంది. మందారం వేశాను, వేరు కుళ్ళిపోయింది. కరివేపాకు వేశాను, అదీ పోయింది. గ్రావెల్ పోయించి సిమెంట్ చేయించేద్దాం అని మావారు అంటున్నారు, నాకేమో మనసొప్పట్లేదు, ఉన్న ఆ కాస్త మట్టినీ మూసేస్తే ఇంక ఇంటి చుట్టూ ఏముంటుంది చెప్పండి.

మా అక్క న్యూజెర్సీలో ఉంటుంది. వాళ్ళ పెరట్లో కూడా ఇలాంటి తడి జాగాయే ఉంటే స్వాంప్ మిల్క్‌వీడ్ అనే మొక్క వేసింది, గులాబీ రంగు గుత్తులు, దాని మీద మోనార్క్ సీతాకోక గొంగళి పురుగులు, వీడియో కాల్‌లో చూపిస్తుంటే మా అమ్మాయి (ఆరేళ్ళు) ఫోన్ వదల్లేదు. వచ్చే నెల అక్క వస్తోంది, గింజలు తెస్తానంటోంది. అది మన వైజాగ్‌లో బతుకుతుందా? లేకపోతే అలాంటిదే మనదే, బురదలో పెరిగేది, తేనెటీగలకీ సీతాకోకలకీ పనికొచ్చేది ఏదైనా ఉందా?

ఇంకో సంగతి, మేడ మీద టమాటా వేస్తే పూత బాగానే వస్తోంది, కాయ నిలవట్లేదు, తేనెటీగలే కనబడట్లేదు. మూడో సంగతి దోమలు. కిందటేడు మా వీధిలోనే ఇద్దరికి డెంగీ వచ్చింది, అందుకే మా అత్తయ్యగారు తడి అంటేనే భయపడుతున్నారు, ఆవిడ భయం తప్పని నేననలేను. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

గెడ్డగట్టు_పెందుర్తి, మే 28

అమ్మా, ముందు సిమెంట్ ఆపండి, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

అక్కగారిని గింజలు తేవద్దనండి. పర్మిట్టు, ఫైటోశానిటరీ సర్టిఫికెట్టు (తెగుళ్ళు, పురుగులు లేవని ఇచ్చే కాగితం) లేకుండా బయటి దేశం నుంచి విత్తనాలు తేకూడదు, 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ఉంది దానికి. రూలు పక్కన పెట్టినా ఆ మొక్క ఆ దేశపు చలికి అలవాటుపడింది, గింజ మొలవాలంటే ముందు నెల పైగా తడి చలిలో ఉండాలి, అక్కడ మంచే ఆ పని చేసేస్తుంది, ఇక్కడ మీరు ఫ్రిజ్‌లో పెట్టాలి. పెట్టి మొలిపించినా దాన్ని తినే మోనార్క్ ఇక్కడ లేదు కదా. మోనార్క్‌కి వరసకి చుట్టమైన ప్లెయిన్ టైగర్ మన దగ్గర బోలెడుంది, నారింజ రంగు రెక్కలు, చివర నలుపు తెలుపు, అది జిల్లేడు ఆకు తిని పెరుగుతుంది. స్వాంప్ మిల్క్‌వీడ్‌ది జిల్లేడుదీ ఒకే కుటుంబం. అంటే అక్కగారి పెరట్లో జరుగుతున్నదే మన రోడ్డు పక్క జిల్లేడు మీద రోజూ జరుగుతోంది, మనమే ఆగి చూడం. కాకపోతే జిల్లేడుకి పొడి నేల కావాలి, మీ మూలకి పనికిరాదు.

మీ మూలకి సరిగ్గా సరిపోయేది నీటిగొబ్బి. నీరుగొబ్బి అనీ అంటారు, ఆయుర్వేదంలో కోకిలాక్ష, శాస్త్రం పేరు హైగ్రోఫిలా ఆరిక్యులేటా. ముగ్గుల్లో గొబ్బెమ్మల మీద పెట్టే గొబ్బిపూలు, డిసెంబరాలు ఉన్నాయి చూడండి, దీనిదీ వాటిదీ ఒకే కుటుంబం, నీళ్ళ దగ్గర పెరుగుతుంది కాబట్టి నీటిగొబ్బి. ఎవరు పెట్టారో గానీ భలే పేరు. పెందుర్తి నుంచి మేఘాద్రిగెడ్డ వైపు వస్తుంటే రోడ్డు పక్క గుంటల్లో, గెడ్డ (వాగు) గట్ల మీద అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఊదారంగు పూలతో నడుమెత్తు నిలబడి ఉంటుంది. ఒక్కో గణుపు దగ్గర ఆకులు చుట్టూ వస్తాయి, ఆ ఆకుల మొదట్లో పసుపు రంగు ముళ్ళు, గణుపుకి ఆరు, ఆ ముళ్ళ మధ్యలోంచి పూలు. ముళ్ళున్నాయి కాబట్టి పశువులు ముట్టవు, మనుషులూ ముట్టరు, కనబడితే నరికేస్తారు.

నేను కిందటి డిసెంబర్లో ఒక పొద్దున్న గెడ్డ గట్టు మీద ఒకే మొక్క దగ్గర అరగంట కూర్చున్నాను. నల్ల తుమ్మెద వచ్చి పువ్వు కింది పెదవి మీద వాలింది, దాని బరువుకి పువ్వు మొత్తం వంగింది, తుమ్మెద తల లోపలికి పెట్టగానే పై పెదవి కింద దాక్కున్న కేసరాలు దాని వీపుకి రాసుకున్నాయి. బయటికొచ్చేసరికి వీపు మీద పొడి. అలాగే పక్క పువ్వుకి వెళ్ళింది. పై పెదవి అలా గూడులా ఎందుకుందో అప్పటిదాకా నాకు తెలీదు, అది సరిగ్గా తుమ్మెద వీపు కొలతకే ఉంది.

మీ టమాటా సంగతికి కూడా దీంతో సంబంధం ఉంది. టమాటా పువ్వులో పుప్పొడి చిన్న గొట్టాల్లో ఉంటుంది, ఊపితేనే రాలుతుంది, కొంత గాలి ఊపుతుంది గానీ బాగా రాలాలంటే తుమ్మెద గానీ నీలిచారల తేనెటీగ గానీ పట్టుకుని ఝుమ్మని ఒళ్ళు అదిలించాలి. మామూలు తేనెపట్టు ఈగకి ఆ విద్య రాదు. నీలిచారల ఈగ పొట్ట మీద నీలం పట్టీలుంటాయి, ఒంటరిది, పట్టు కట్టదు, మట్టిలో బొరియ చేసుకుని గుడ్లు పెడుతుంది. అదీ నీటిగొబ్బికి వస్తుంది. తిండీ గూడూ రెండూ ఒక్కచోట దొరికితే మీ మేడ దాకా రావడం పెద్ద దూరం కాదు. అలాగని ఒక మొక్క వెయ్యగానే టమాటా విరగకాస్తుందని నేను చెప్పను, మరీ ఎండలు ముదిరినా పూత రాలిపోతుంది.

కొత్తమొక్క_గాజువాక, మే 29

సిస్టర్ ఇంత కష్టం ఎందుకు, నర్సరీల్లో మిల్క్‌వీడ్ అనే దొరుకుతోంది, ఎరుపు పసుపు పూలు, నేను తెచ్చాను, సీతాకోకలు బాగా వస్తాయి. లేదంటే గుర్రపుడెక్క వెయ్యండి, తడిలోనే పెరుగుతుంది, పువ్వు కూడా ఊదా రంగే, చాలా అందంగా ఉంటుంది.

గెడ్డగట్టు_పెందుర్తి, మే 29

బాబూ, గుర్రపుడెక్క మాత్రం ఎవరికీ చెప్పకండి దయచేసి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన కలుపు అది, ఒక్క పిలక గెడ్డలో పడిందంటే నీళ్ళ పైన చాప పరిచినట్టు కప్పేస్తుంది, కింద వెలుతురు ఉండదు, గాలి ఉండదు, చేప బతకదు, కలువ బతకదు. మధురవాడలో వాన పడితే ఆ నీరు ఏదో ఒక గెడ్డలోకే పోతుంది, పెరట్లోది పెరట్లోనే ఉండిపోదు.

నర్సరీ మిల్క్‌వీడ్ కూడా అమెరికా ఖండాలదే. ప్లెయిన్ టైగర్ దాని మీద కూడా గుడ్లు పెడుతుంది, కాదనను, మీరు ఇప్పటికే వేసుకుంటే పీకెయ్యమని నేననను. కాయలు పగలకముందే తుంచెయ్యండి, దూది గింజలు గాలికి ఎక్కడికైనా పోతాయి. తుంచేటప్పుడు పాలు కంట్లో పడకుండా చూసుకోండి, బాగా మండుతుంది. ఇంకొకటి, నర్సరీ మొక్క తెచ్చేటప్పుడు పురుగుమందు కొట్టారా అని అడగండి. మందు కొట్టిన ఆకు తిని గొంగళి పురుగులు వరసగా రాలిపోవడం నేను మా ఇంట్లోనే చూశాను, పొద్దున్నే లేచి చూస్తే పది పురుగులు కుండీ కింద పడున్నాయి, ఇప్పటికీ గుర్తొస్తే బాధేస్తుంది.

పొలంగట్టు_చోడవరం, మే 30

మా వైపు ఈ నీటిగొబ్బిని గొలిమిడి అంటారండి. నాను పుట్టినకాడ్నించి చూస్తన్నాను. ఊడుపులకి ముందు గట్లు చెక్కినప్పుడు పారతో కొట్టీసివోళ్ళం, అయినా వేర్లు, గింజలు మట్టిలో ఉండిపోయి మళ్ళా వచ్చీసేది, దసరా నాటికి గట్టంతా ఊదాగా ఉండేది. పారతో చెక్కితే ఆ మొక్కకేటీ కాదు. ఇప్పుడు కూలోళ్ళు దొరక్క అందరూ గట్లకి కలుపుమందు కొట్టీస్తన్నారు, నానూ రెండేళ్ళు కొట్టాను, గట్టు ఎర్రగా మాడిపోయి ఉంటాది, పువ్వనేది లేదు. ఆ తర్వాతే మా గుమ్మడి పాదుల్లో పిందెలు పచ్చబడి రాలిపోడం మొదలెట్టాయి. మా ఇంటిది పొద్దున్నే లేచి మగపువ్వు తెంపి ఆడపువ్వుకి అద్దుతుండేది. అప్పుడు తెలిసింది నాకు, పువ్వుతోపాటు జుంటీగలూ పోనాయని. కిందటేడు ఒక పక్క గట్టు వదిలీసాను, ఏమందూ కొట్టలేదు, గొలిమిడి, గుంటగలగర, అన్నీ తిరిగొచ్చీసాయి, జుంటీగలు కూడా.

మేడం గారూ మీకు గింజలు కావాలంటే మా గట్టు మీదివి మార్చిలో ఏరి డబ్బాలో పెట్టినవి ఉన్నాయి, ఈ గ్రూపులోనే మెసేజ్ పెట్టండి, సిటీకి వచ్చినప్పుడు ఇస్తాను. డబ్బులేటీ వద్దు. ఒక్క మాట, మీ పక్కన ఎవరిదైనా వరి మడి ఉంటే మాత్రం కాయలు ఎండకముందు కోసీయండి, మడిలో పడితే కలుపు కింద లెక్క, రైతు తిట్టుకుంటాడు.

మధురవాడ_పెరడు, మే 30

అన్నయ్యగారూ చాలా థాంక్సండి, తప్పకుండా మెసేజ్ చేస్తాను. పక్కన మడులేం లేవు, అన్నీ అపార్ట్‌మెంట్లే. గెడ్డగట్టు గారూ, విత్తడం ఎలాగో కూడా చెప్పరా, ముళ్ళ సంగతి కూడా, మా అమ్మాయి అక్కడే ఆడుతుంది.

గెడ్డగట్టు_పెందుర్తి, మే 31

గింజలు రాగానే ఒక పని చెయ్యండి, మీ అమ్మాయిని పక్కన కూచోబెట్టుకుని నాలుగు గింజలు చెంచాలో వేసి నీటి చుక్క వెయ్యండి. నువ్వుగింజ కంటే చిన్న గింజ, గోధుమ రంగు, చూస్తుండగానే చుట్టూ తెల్లటి జిగురు పొర ఉబ్బుతుంది, సబ్జా గింజ లాగే. ఆ జిగురుతోనే గింజ గట్టు బురదకి అంటుకుని వానకి కొట్టుకుపోకుండా ఉంటుంది. అందుకే దీన్ని ముందు నానబెట్టకూడదు, నానబెడితే ముద్దైపోయి ఒకేచోట పడుతుంది. పొడి గింజని పిడికెడు పొడి ఇసుకలో కలిపి తడిమట్టి పైన చల్లెయ్యండి, పైన మట్టి కప్పొద్దు, అరచేత్తో ఒత్తితే చాలు. జూన్‌లో రెండు వానలు పడ్డాక చల్లండి. ఆయుర్వేదం సామాను అమ్మే కొట్లో తాలింఖానా అని ఈ గింజలే అమ్ముతారు, అవి ఎన్నాళ్ళ నాటివో తెలీదు కాబట్టి అవి వాడేవాళ్ళు ముందు తడిగుడ్డలో ఇరవై గింజలు పెట్టి ఎన్ని మొలిచాయో లెక్కపెట్టుకోండి.

మీ మూల నేల ఎలాగూ బంకమట్టే అయ్యుంటుంది, అది చాలు. ఒక తట్ట గెత్తం (పశువుల ఎరువు) బాగా చివికింది కలపండి, అంతే, యూరియా అదీ వద్దు, వేస్తే ఆకు గుబురెక్కి పువ్వు వెనకబడుతుంది. రోజుకి ఐదారు గంటలు ఎండ పడాలి. మొలకలు అరచెయ్యెత్తు అయ్యాక నాలుగైదు మొక్కలుంచి మిగతావి తీసెయ్యండి, మొక్కకీ మొక్కకీ ఒకటిన్నర అడుగు. గుబురుగా వదిలేస్తే గోడ దగ్గర ఏముందో కనబడదు.

ముళ్ళు నిజంగానే గట్టివి, అంగుళం, అంగుళంన్నర దాకా ఉంటాయి, దాచిపెట్టి ఏం లాభం. లేతప్పుడు మెత్తగా ఉంటాయి, పూతకొచ్చేసరికి గట్టిపడతాయి. మొక్కలు గోడ వైపు వెయ్యండి, ముందు రెండడుగులు బొక్కెనాకు పాకించండి, దానికి ముళ్ళుండవు. అమ్మాయి బొక్కెనాకు దగ్గర కూచుని చూస్తుంది, వెనక నీటిగొబ్బి ఉంటుంది.

ఆకులు చిల్లులు పడ్డాయని కంగారుపడి వేపనూనె కొట్టకండి, మొక్క వేసింది అందుకే కదా. పీకాక్ పాన్సీ అనే సీతాకోక దీని మీద గుడ్లు పెడుతుంది, పసుపు నారింజ రెక్కల మీద నెమలికన్నులుంటాయి, పురుగు నల్లగా ఒళ్ళంతా కొమ్మల్లాంటి ముళ్ళతో ఉంటుంది, కుట్టదు. వానాకాలంలో పుట్టినదానికి రెక్కల అడుగు భాగంలో కూడా కళ్ళు కనబడతాయి, పొడికాలంలో పుట్టినది రెక్కలు మూస్తే అచ్చం ఎండుటాకు, అంచులు కూడా ఆకు కొసల్లా కోసుకుపోయి ఉంటాయి. రెండూ ఒకే సీతాకోక.

అడవిలోంచి తెచ్చుకోవాలనుకునే వాళ్ళకి ఒక మాట, కంబాలకొండ అభయారణ్యం, అక్కడ ఆకు కూడా తెంపకూడదు. రోడ్డు పక్క గుంటల్లో, తెలిసిన రైతు గట్టు మీద బోలెడుంటాయి, అవి కూడా పదింట ఒక మొక్క గింజలే తీసుకోండి.

ఉప్పుగాలి_మేడ, మే 31

మాది లాసన్స్ బే కాలనీ, మూడో అంతస్తు, సముద్రం గాలి నేరుగా కొడుతుంది, బోరు నీళ్ళు ఉప్పన. మేడ మీద నేల లేదు కాబట్టి నాకు తెలిసిన పద్ధతి చెప్తాను, మేడవాళ్ళకి పనికొస్తుంది. ఇరవై లీటర్ల పెయింట్ బకెట్ తీసుకుని అడుగున చిల్లు పెట్టకుండా, మట్టి ఎక్కడిదాకా వస్తుందో అక్కడికి రెండంగుళాల కింద పక్కన చిల్లు పెట్టాను. రెండొంతులు వండ్రుమట్టి, ఒక వంతు ఇసుక, ఒక వంతు గెత్తం. ఆ చిల్లు వల్ల కింద మట్టి ఎప్పుడూ బురదగా ఉంటుంది గానీ పైన నీరు నిలబడదు, ఎక్కువైంది పక్కనించి కారిపోతుంది. పైన ఒక అంగుళం ముతక ఇసుక పరిచాను. దోమ గుడ్డు పెట్టాలంటే నీళ్ళు కనబడాలి కదా, కనబడవు.

నీటిగొబ్బి మా దగ్గర గాలికి ఆకు అంచులు మాడింది, అంత బాగా రాలేదు. బొక్కెనాకు, నీటిబ్రాహ్మి మాత్రం ఉప్పుకి తట్టుకుంటాయి, రెండూ ఉప్పుటేరు పక్కన కూడా పెరిగేవే. బొక్కెనాకు పువ్వు అగ్గిపుల్ల తల కంటే కొంచెం పెద్దది, చుట్టూ చిన్న చిన్న తెల్లపూలు ఉంగరంలా, మధ్యలో ఊదా. పొద్దున తొమ్మిది దాటాక వేలిగోరంత నీలం సీతాకోకలు, ముసురుతేనె ఈగలు వచ్చి ఆ ఉంగరం చుట్టూ ఒక్కో పువ్వూ తడుముకుంటూ తిరుగుతాయి. ఏసీ నీళ్ళు పట్టి పోస్తున్నాను, ఉప్పుండదు. వాషింగ్ మెషీన్ నీళ్ళు మాత్రం పొయ్యకండి, సబ్బు.

కొండవాలు_8, జూన్ 1

అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఇళ్ళ మధ్య చిత్తడి ఉంచుకోమని సలహా ఇవ్వడం నాకు నచ్చలేదండి. నాకు డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయి వారం హాస్పిటల్లో ఉన్నాను, ఆ బాధ పడినవాడికే తెలుస్తుంది. దోమలు, పాములు, రెండూ తడికే వస్తాయి. పువ్వుల కోసం పిల్లలున్న ఇంట్లో రిస్క్ ఎందుకు?

గెడ్డగట్టు_పెందుర్తి, జూన్ 1

మీరు పడ్డది చిన్న బాధ కాదు సార్, మీ భయాన్ని నేను కొట్టిపారెయ్యను. కానీ డెంగీ దోమ బురదలో పెట్టదు. అది గుడ్లు పెట్టేది నిలవున్న నీళ్ళలో, డ్రమ్ము, కూలర్, పాత టైరు, కొబ్బరి చిప్ప, ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీ కింద ప్లేటు. గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం, పది రోజులు, అందుకే వారానికోసారి నీళ్ళన్నీ పారబొయ్యమని ఫ్రైడే డ్రైడే అంటారు. తడిమట్టి వేరు, నిలవనీరు వేరు. ఆ మూలలో కాలి గుంట పడి నీళ్ళు నిలిస్తే అక్కడ దోసెడు ఇసుక పొయ్యండి, వాన తర్వాత ప్రతి శుక్రవారం ఆ మూల కూడా ఒకసారి చూసుకోండి. అంతకంటే ముందు కుండీ ప్లేట్లు చూడండి, మా వీధిలో నేను చూసిన లార్వా అంతా ప్లేట్లలోనే.

పాము ఎలకల కోసం, కప్పల కోసం వస్తుంది, దాక్కోడానికి గుబురు కావాలి. అందుకే నాలుగైదు మొక్కలు చాలన్నాను, కింద ఆకులు జానెడు ఎత్తు దాకా తీసేస్తే మొదళ్ళు ఖాళీగా కనబడతాయి. గోడ పక్క పాత ఇటుకలు, కర్రలు కుప్పపెట్టకండి.

కొండవాలు_8, జూన్ 1

కుండీ ప్లేట్ల మాట నిజమే, ఇప్పుడే వెళ్ళి చూస్తే రెండింటిలో పురుగులున్నాయి. పారబోశాను.

మధురవాడ_పెరడు, ఆగస్టు 17

అప్‌డేట్ ఇద్దామని. జూన్ 20న చల్లాను, వారానికి మొలకలు వచ్చాయి, మధ్యలో ఒక పెద్ద వానకి సగం కొట్టుకుపోతాయనుకున్నా గానీ ఎక్కడివక్కడే ఉన్నాయి, ఆ జిగురు మాట నిజం. ఇప్పుడు ఐదు మొక్కలుంచాను, మోకాలెత్తు. కాడ నలుపలకలుగా ఉంది, సన్నటి నూగు. చెంచా ప్రయోగం మా అమ్మాయి నాలుగుసార్లు చేయించింది, వాళ్ళ టీచర్‌కి చూపించాలని గింజలు కాగితంలో పొట్లం కట్టుకుని పట్టుకెళ్ళింది.

మొక్కల్ని చూసి అత్తయ్యగారు, ఇది మా ఊరి గెడ్డలో ఉండేదే కదే, దీని ముళ్ళు అరికాల్లో దిగితే మా అమ్మ సూదితో తీసేది అన్నారు. దోమల గురించి మాత్రం ప్రతి శుక్రవారం ఆవిడే టార్చి పట్టుకుని ఆ మూల, కుండీలు, డ్రమ్ములు అన్నీ చూస్తున్నారు. పక్కింటి బెంగాలీ ఆంటీ గోడ మీంచి చూసి ఇది కులేఖరా, మేం ఆకుకూర వండుకుంటాం అని లేత చివుళ్ళు అడిగారు, ఒక గుప్పెడు ఇచ్చాను, ఇంక ఇవ్వను, పురుగులకి కావాలి.

పొలంగట్టు_చోడవరం, ఆగస్టు 18

బాగుందమ్మా. మా గింజలు మీ ఇంట మొలిసినందుకు సంతోషం. ఈ ఏడు రెండో గట్టు కూడా వదిలీసాను.

మధురవాడ_పెరడు, నవంబర్ 9

మొదటి పువ్వు అక్టోబర్ 19న వచ్చింది. అప్పటికి వరసగా వానలు, పువ్వు విచ్చుకున్న రోజు ఒక్క ఈగ కూడా రాలేదు, చాలా దిగులేసింది నాకు. వానలు తెరిపిచ్చాక మూడో రోజు పొద్దున ఏడున్నరకి తుమ్మెద వచ్చింది, గెడ్డగట్టు గారు రాసినట్టే పువ్వు వంగింది, మళ్ళీ లేచింది. నేనూ మా అమ్మాయీ బొక్కెనాకు పక్కన పీట వేసుకుని కూచున్నాం, స్కూల్ వ్యాన్ హారన్ కొట్టేదాకా లేవలేదు. ఇప్పుడు రోజూ రెండు మూడు తుమ్మెదలు, చిన్న ఈగలు లెక్కలేదు.

నీలిచారలవి కూడా వచ్చాయి, అవి చాలా వేగంగా ఉంటాయి, గాల్లో ఆగి, నాలుక చాపుకుని, టక్కున పువ్వులోకి. నిన్న సాయంత్రం ఆరింటికి బట్టలు తీస్తుంటే గోడ మీదకి వంగిన ఎండు తులసి కాడకి నాలుగు ఈగలు వరసగా వేలాడుతున్నాయి, కాళ్ళతో పట్టుకోలేదు, కాడని నోటితో కరిచి పట్టుకుని ఒళ్ళు గాల్లో పెట్టి కదలకుండా ఉన్నాయి. చచ్చిపోయాయేమో అని గుండె ఝల్లుమంది, దగ్గరికెళ్తే ఒకటి కాలు కదిపింది. ఏమైంది వాటికి?

టమాటా నారు ఈ మధ్యే వేశాను, పూత రావడానికి టైముంది.

ఇంకా, ఆకుల మీద నల్ల పురుగులు ఆరు లెక్కపెట్టాను, ముళ్ళతో, మీరు చెప్పినవే. నిన్నటికి నాలుగే ఉన్నాయి. మిగతా రెండూ ప్యూపా కట్టుకున్నాయా, పిట్ట తినేసిందా? ఎక్కడ వెతకాలి?

గెడ్డగట్టు_పెందుర్తి, నవంబర్ 9

అవి నిద్రపోతున్నాయమ్మా. నీలిచారల ఈగల్లో మగవి రాత్రిపూట అలా కాడని కరిచిపట్టుకుని పడుకుంటాయి, చాలాసార్లు రోజూ ఒకే కాడ మీదకే వస్తాయి. ఆ ఎండు తులసి తియ్యకండి. ఆడవి మట్టి బొరియల్లో ఉంటాయి, మీ గోడ మొదట్లో ఎండ తగిలే చోట ఒక చాపంత మట్టి ఖాళీగా వదిలెయ్యండి, ఏమీ కప్పకుండా. తుమ్మెదలకైతే జానెడు ఎండు వెదురు ముక్కలు రెండు మూడు వాన తగలని చోట కట్టండి, ఆడది గుండ్రంగా తొలుచుకుని లోపల గదులు చేసుకుంటుంది. ఆడది కూడా చేత్తో నొక్కితే తప్ప కుట్టదు, మగదానికి కొండే ఉండదు.

పురుగుల సంగతి, పిట్ట తిన్నా తిని ఉండొచ్చు, అదీ దానికి తిండే. ప్యూపాకి మొక్క వదిలేసి కొంత దూరం పోతాయి, గోడ అంచు కింద, పైపు వెనక, కుండీ అంచు అడుగున తలకిందులుగా వేలాడుతుంటాయి, గోధుమ రంగు, ఎండాకు ముక్క అనుకుంటారు. చేత్తో తడమకండి, టార్చి వేసి కింది నుంచి చూడండి. అత్తయ్యగారికి టార్చి అలవాటే కదా.

మధురవాడ_పెరడు, నవంబర్ 10

దొరికింది! ఒకటి వాటర్ పైపు వెనక ఉంది, అత్తయ్యగారే చూశారు. రెండోది ఇంకా దొరకలేదు. పైపుకి పెయింట్ వెయ్యడానికి రేపు మనిషి రావాల్సింది, వచ్చే నెల రమ్మని చెప్పాను.